దొరసాని గారికి ఆవకాయ

బుదయ్య, బహ్రెయిన్
12 అక్టోబరు 2025

వదినకి,

ఫోన్ చెయ్యకుండా కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నానని మూతి తిప్పకు. నీతో ఫోన్లో మాట్లాడితే స్పీకర్ పెట్టేసి గిన్నెలు తోముకుంటావు. నేనిక్కడ గుసగుసలాడింది అక్కడ పక్కింటి నరసాయమ్మ గారికి వినపడుతుంది. ఈ సంగతి వీధిలో పడకూడదు. చదివాక ఫోన్లోంచి తీసెయ్. జవాబు కూడా ఇలాగే రాయి. నీ అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి గానీ నాకు అలవాటే.

నేను పనిచేసే ఇంగ్లీషు వాళ్లింట్లో ఏదో అయింది. ఏమైందో ఎవరూ చెప్పరు. ఎండ ఇంకా మాడ్చేస్తుంటే ఏసీ కట్టేసి కిటికీలు తెరిచారు. "మంచి గాలి ఆరోగ్యానికి మంచిది దుర్గా," అంటుంది హెలెన్ మేడం, మెడ మీద చెమట తుడుచుకుంటూ. టీ పొట్లం ఒకసారి ముంచాక పారెయ్యకుండా సాసర్లో ఆరబెడుతోంది, సాయంత్రానికి పనికొస్తుందని. గ్రాహం సారు మోకాలు నొప్పి అని క్లబ్బు మానేశారు. ఆ మోకాలు నొప్పాయన రెండో కారు అమ్మేసి కుక్కని తీసుకుని ఊరంతా నడుస్తున్నారు!

పై గదిలోకి ఇనెస్ అని ఒకావిడ దిగింది. స్పెయిన్ దేశం. అస్కర్ దగ్గర అల్యూమినియం ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించే ఇంజనీరట. మా పాత స్నేహితురాలు అని మేడం మా కాంపౌండ్‌లో ఇళ్లన్నిటికీ చెప్పింది. "నెలనెలా అద్దె కట్టే స్నేహితురాలిని," అని ఇనేసమ్మ వంటింట్లోకొచ్చి నా చెవిలో చెప్పి నవ్వింది. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే బళ్లో చదువుకున్నట్టు ఉంటాయి, అందుకే ఒకళ్లకొకళ్లం బాగా అర్థమవుతాం.

నా భయం నీకు తెలిసిందే. సారే నా కఫీల్, వీసా ఆయన పేరు మీద ఉంది. వెళ్లిపోతున్నాం అని ముందుగా ఒక్క మాట చెబితే వేరేచోట చేరొచ్చని రిలీజు కాగితం రాయించుకుని పనికి వేరే ఇల్లు చూసుకుంటాను. చెప్పకుండా చివర్లో సామాన్ సర్దేసుకుంటే నేనూ ఖలాస్, వాళ్లతోపాటే విమానం ఎక్కాలి. మా వాడి పాలిటెక్నిక్ ఇంకా రెండేళ్లు ఉంది. వాళ్ల నాన్న పోయాక వాడికి నేను తప్ప ఎవరున్నారు?

అందుకే మొన్న ధైర్యం చేసి అడిగాను, ఏమైనా ఇబ్బందా మేడం అని. "అబ్బే, మేం బాగానే ఉన్నాం," అని కుక్క వంక చూసి, ఈ ఏడు వాన పడుతుందేమో అంది. బహ్రెయిన్లో వాన! ఏం చెయ్యమంటావో చెప్పు.

ఇట్లు, నోరున్నా అడగలేని
నీ ఆడపడుచు నాగదుర్గ


మలికిపురం దగ్గర నుంచి
24 అక్టోబరు

దుర్గకి వదిన రాయునది,

కోడి కెలికిన అక్షరాలట! ఇంటర్ తప్పినదానివి నువ్వు, నాకు చెబుతున్నావా? ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను.

ఉత్తరం చదివి నేనూ మీ అన్నయ్యా ముక్కున వేలేసుకున్నాం. టీ పొట్లం ఆరబెట్టుకుంటున్నారా? అంత పెద్ద దొరలు! మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్నట్టుంది. పాపం, తింటున్నారా లేదా? నువ్వేం తింటున్నావు? అది రాయలేదు.

ఇంకో సంగతి. ఎవరే ఆ పై గది ఆవిడ? కష్టకాలంలో మీ సారు ఇంట్లోకి ఇంకో ఆడమనిషిని తెచ్చిపెట్టుకున్నాడా? కారు అమ్మింది అందుకేనేమో చూడు. మేడం నోరు మెదపకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. మొగుడి సంగతి పనిమనిషికి ఎలా చెప్పుకుంటుంది? నువ్వు ఆ ఇనేసమ్మతో ఎక్కువ రాసుకు పూసుకు తిరక్కు.

అడగందే అమ్మయినా పెట్టదు. గుమ్మంలో కూర్చో. నా సంగతి తేల్చండి మేడం, అప్పటిదాకా అంట్లు తోమను అను. మా అమ్మ అలాగే అడిగేది, ఎవరైనా సరే.

ఇక్కడ కార్తీకం వచ్చింది కదా, నీచు మానేశాం. పొద్దున్నే చన్నీళ్లు పోసుకుంటుంటే ఒళ్లు తేలికగా ఉంది. మీ అన్నయ్య రాత్రిళ్లు చెరువు గట్టు మీదే పడుకుంటున్నాడు, గాలి బాగుంటుందని. బండి పాతదైపోతే ఇచ్చేశాం. ఇంతే విశేషాలు.

నీ వదిన నాగేశ్వరి


బుదయ్య
5 నవంబరు

వదినా,

నీ బుర్రకి దండం పెట్టాలి. ఇనేసమ్మకి అరవై దగ్గరపడింది. ఫ్యాక్టరీ బూట్లతో మెట్లెక్కుతుంటే ఇల్లు అదురుతుంది. నువ్వు రాసింది ఆవిడకి చెప్పాను. వంటింటి బల్ల మీద తల పెట్టి నవ్వింది. సారు విన్నారేమోనని నేను చచ్చాను.

గుమ్మంలో కూర్చోమన్నావుగా. కూర్చున్నాను. మేడం వచ్చి, కాళ్లు లాగుతున్నాయా అని మోడా తెచ్చి ఇచ్చింది. ఇంకేం అడుగుతాను?

ఈలోపల నా వల్ల ఒక ఘోరం జరిగింది. మేడం కాంపౌండ్ వాళ్లందరినీ భోజనానికి పిలిచింది. పిలిచింది గానీ ఎవరి వంట వాళ్లే తెచ్చుకోవాలట! అది వాళ్లలో పద్ధతేనట. పెళ్లికి పిలిచి మీ విస్తరి మీరే తెచ్చుకోండి అన్నట్టు లేదూ? తిన్నారు, నవ్వుకున్నారు, గిన్నెలు వదిలేసి పోయారు. కడిగి ఎవరివి వాళ్లకి ఇచ్చిరమ్మంది మేడం. పక్కింటి గిన్నె ఖాళీగా ఎలా తిప్పి పంపుతాం వదినా? చిటికెడు పంచదారైనా వేసి ఇస్తాం కదా. ఈ ఇంటి పరువు కాపాడుదామని అలమరలో పెద్ద డబ్బాలో ఉన్న ఎండు ద్రాక్ష, బాదం, చెర్రీలు అన్ని గిన్నెల్లో నిండుగా వేసి ఇచ్చొచ్చాను. అది క్రిస్మస్ కేకు కోసం మేడం ఎప్పటినుంచో కొంచెం కొంచెంగా కొని దాచుకున్నదట.

ఖాళీ డబ్బా చూసి మేడం మొహం పాలిపోయింది. మూత పెట్టేసి, "ఎంత మంచి ఆలోచన దుర్గా," అంది. నేను మురిసిపోయాను. రేపు ఇంకా ఉన్న జామ్ సీసాలు కూడా ఇచ్చిరానా అని అడిగాను.

ఇనేసమ్మ చెప్పింది తర్వాత. ఇంగ్లీషువాళ్లు ఆ మాట కోపం నషాళానికి అంటినప్పుడే అంటారట. ఆవిడ లండన్లో చాలా ఏళ్లు పనిచేసింది, అక్కడ ఉద్యోగాలు ఊడుతున్న రోజుల్లోనే. "మా ఊళ్లో కష్టమొస్తే బాల్కనీల్లోకి వచ్చి గరిటెలతో గిన్నెలు మోగించాం. వీధి వీధంతా మోగింది. వీళ్లు మాత్రం పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టుకుని వాన గురించి మాట్లాడతారు," అంది. లండన్లో ఆవిడ ఇంటి ఓనరు, పని పోయిన మర్నాడే తోటలో గులాబీలు కత్తిరించడం మొదలుపెట్టాడట. మొక్కలు మోడులయ్యేదాకా కత్తిరించాడు గానీ పోయిందని అనలేదట. "వాళ్లు చెప్పేది వినకు దుర్గా. ఏం మానేశారో చూడు," అని నేర్పింది.

అయితే అన్నీ మానేశారు గానీ నన్ను ఎందుకు మానలేదు అని అడిగాను. నా మీద ప్రేమ అని చెబుతుందనుకున్నాను. "నువ్వు వాళ్ల కిటికీకి తెరవి. తెర తీసేస్తే లోపలేముందో కాంపౌండ్ అంతా చూస్తుంది. నిన్ను చివర్న తీస్తారు," అంది.  చివర్న అంటే విమానం రోజే కదా.

నీ ఆడపడుచు, ప్రస్తుతానికి తెర,
నాగదుర్గ


మలికిపురం దగ్గర నుంచి
16 నవంబరు

దుర్గకి,

నువ్వు ఎంత పని చేశావే! అవతల వాళ్లు పండక్కి దాచుకున్న పప్పులు వీధికి పంచిపెట్టావా? కడుపు మాడ్చుకుని కూడా నిన్ను ఒక్క మాట అనలేదంటే ఆవిడ మహాతల్లి. నాకైతే చీపురు ఉంది.

నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు. ఆనకట్ట కట్టింది వాళ్ల కాటన్ దొరే కదా. ఆ నీళ్లతో పండిన అన్నం తిని పెరిగిన నోరు మనది. వాళ్లింటి వాళ్లు అక్కడ ఆరబెట్టిన టీ తాగుతుంటే మనం ఊరుకుంటే కళ్లు పోతాయి. మన ఊరి మంగరాజు సెలవు అయిపోయి మళ్లీ బహ్రెయిన్లో పనికి వెళ్తున్నాడు కదా, వాడికి ఒక అట్టపెట్టె ఇచ్చాను. ఆవకాయ, సున్నుండలు, ఆత్రేయపురం పూతరేకులు. పైన "దొరసాని గారికి" అని రాశాను. నువ్వు తినెయ్యకు. నీకు విడిగా కందిపొడి పెట్టాను.

మేం బాగున్నాం. నూనె తగ్గించాం, గుండెకి మంచిదని టీవీలో చెప్పారు. నరసాయమ్మ గారు అడిగింది నీ గురించి, ఏమీ చెప్పలేదు. ఇంటి గుట్టు లంకకు చేటు.

వదిన


బుదయ్య
29 నవంబరు

నాగేశ్వరమ్మ గారికి,

గారు అని ఎందుకు రాశానో చివర్లో చెబుతాను. ముందు పెట్టె సంగతి.

శుక్రవారం నాడు మంగరాజు కర్జకాన్ నుంచి బస్సెక్కి వచ్చాడు. నేను వెనక బట్టలు ఆరేస్తున్నాను. తలుపు మేడమే తీసింది. మంగరాజు సంగతి తెలుసుగా, నోట్లో నువ్వుగింజ నానదు. పెట్టె ఆవిడ చేతుల్లో పెట్టి, వాడి ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "మేడం, అవర్ విలేజ్ సెండింగ్. యూ నో ఈటింగ్. ఆల్ విలేజ్ వెరీ సారీ," అన్నాడు. నేను పరిగెత్తుకొచ్చేసరికి మేడం మొహం కందగడ్డ అయింది. నాకు భూమి చీలితే బావుండుననిపించింది. సారు కుక్కని తీసుకుని నడకకి వెళ్లిపోయారు. ఒక నడక నుంచి అప్పుడే తిరిగొచ్చారు కూడా.

మేడం థాంక్యూ చెప్పి, మంగరాజుకి టీ ఇచ్చి, పంపించింది. కొత్త పొట్లంతోనే ఇచ్చింది. తర్వాత మర్యాద కోసం రుచి చూడాలి కదా అని బల్ల దగ్గర కూర్చుని ఆవకాయ సీసా తెరిచింది. అది జామ్ అనుకుంది! నేను ఆపేలోపల రొట్టె మీద ఈ చివర్నించి ఆ చివరికి దట్టంగా పూసి కొరికింది. నమిలింది. కళ్లు ఎర్రబడ్డాయి. "చాలా బావుంది," అంది. ఇంకోసారి కొరికింది. నీళ్లు కారిపోతున్నాయి. "కారం, కారం వల్లే," అంది. నేను నీళ్లిచ్చాను, పంచదార ఇచ్చాను. కారం ఎప్పుడో తగ్గిపోయింది, ఆవిడ ఏడుపు తగ్గలేదు. బల్లమీద చేతులు పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

అప్పుడు చెప్పింది. సారు పనిచేసే ప్రాజెక్టు జూలైలోనే ఆపేశారట. జనవరిలో వెళ్లిపోతున్నారు, వాళ్ల ఊళ్లో మేడం చెల్లెలి ఇంట్లో ఒక గదిలోకి. "నీకు చెప్పాలని రోజూ అనుకున్నాను. నీకు చెబితే నిజమైపోతుందని భయం," అంది. నేను కూడా ఏడ్చాను. కోపం రావాల్సింది, ఇన్నాళ్లు నా గొంతు మీద కత్తి పెట్టినందుకు. రాలేదు. సారు చేత రిలీజు రేపే రాయిస్తానంది.

ఇనేసమ్మ డ్యూటీ నుంచి వచ్చి ఈ కథంతా విని, ఇన్నేళ్లలో తను లండన్లో చెప్పించలేకపోయింది మీ వదిన ఒక్క సీసాతో చెప్పించిందే అని బూట్లు విప్పకుండానే నాట్యం చేసింది.

ఇప్పుడు గారు సంగతి. మంగరాజు టీ తాగుతూ ఇంకా మాట్లాడాడు. అమెరికా వాడు పన్ను వేశాక రొయ్య రేటు పడిపోయిందని, మన చెరువుకి తెగులు కూడా వచ్చిందని, దాన్ని వదిలేశారని చెప్పాడు. అన్నయ్య గట్టు మీద పడుకుంటున్నది గాలికి కాదు, వేరేవాళ్ల చెరువుకి కాపలా. అవునా?

పోలి స్వర్గానికి వెళ్లి, కార్తీకం అయిపోయి వారం దాటింది. మొన్న మెసేజ్‌లో ఇంకా నీచు ముట్టడం లేదని రాశావు. అప్పుడైనా నాకు తట్టాల్సింది. ఇంగ్లీషువాళ్లు ఏం మానేశారో చూసుకుంటూ కూర్చున్నాను గానీ, నూనె, బండి, చేపలు మానేసిన సొంత వదినని చూడలేదు. అంత కష్టంలో ఉండి వీళ్లకి ఆవకాయ పంపుతావా? మీ ఇంట్లో ఎంత మిగిలింది? నువ్వు చెప్పేదాకా నేను నిన్ను వదినా అని రాయను.

నాగదుర్గ


మలికిపురం దగ్గర నుంచి
3 డిసెంబరు

దుర్గకి,

మంగరాజు మాటలకి విలువేమిటి? వాడు చిన్నప్పుడు మా గేదె పోయిందని ఊరంతా చాటాడు, అది ఇంటి వెనకే ఉంది. మేం బాగానే ఉన్నాం. దొరసాని గారికి నచ్చినందుకు సంతోషం, ఈసారి రొట్టె మీద పూసుకోవద్దని చెప్పు.

ఇక్కడ ముసురు పట్టింది. నాలుగు రోజులుగా సన్నగా కురుస్తూనే ఉంది. బట్టలు ఆరడం లేదు. నీకు ఇల్లు దొరికిందా?

నాగేశ్వరి


బుదయ్య
14 డిసెంబరు

నాగేశ్వరమ్మ గారికి,

వాన గురించి రాశారు. చాలా బావుంది. చదివి ఇనేసమ్మకి చెబితే, మీ వదిన ఏ ఊరు, లండన్ పక్కనా అని అడిగింది.

రిలీజు కాగితం వచ్చింది గానీ అది ఉంటే సరిపోతుందా, ఇల్లు దొరకాలి కదా. ఇప్పుడు ఎవరింట్లో చూసినా మనుషుల్ని తగ్గించుకోవడమే. మంగరాజుకి కూడా ఓవర్‌టైం ఆపేశారు. నేను దిగులుగా తిరుగుతుంటే మేడం చూసింది. నిన్న పొద్దున లిప్‌స్టిక్ వేసుకుని, మంచి గౌను తొడుక్కుని, "దుర్గా, నాలుగు గిన్నెలు తీసుకో," అంది. అందులో నీ ఆవకాయ కొంచెం కొంచెం సర్దించింది. ఖాళీ చేతులతో ఎవరి తలుపూ తట్టలేనంది. ఆవిడ ముందు, నేను వెనక.

మొదటి తలుపు దగ్గర ఆవిడ, గులాబీలు బావున్నాయంది. అక్కడ గులాబీలు లేవు. నేను వెనక నుంచి మెల్లిగా దగ్గాను. అప్పుడు కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో చెప్పేసింది. "గ్రాహం ఉద్యోగం పోయింది. మాకు ఇంక ఇక్కడ గడవదు. ఇనెస్ మా స్నేహితురాలు కాదు, అద్దెకుంటోంది. దుర్గకి ఇల్లు కావాలి." ఆ ఇంటావిడ మేడంని లోపలికి లాగి తలుపు వేసింది. తర్వాత, "ఎవరికీ చెప్పకు హెలెన్, మేమూ మార్చిలో వెళ్లిపోతున్నాం," అని ఏడ్చేసింది. రెండో ఇంట్లో జీతం సగం చేశారట. మూడో ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లు నగలు, గడియారం అమ్ముకున్నారు. అది మా ముందే బయటపడింది. మేం వెనక్కి నడిచొచ్చేశాం. ప్రతి ఇంట్లోనూ ఆవకాయ రుచి చూశారు, ప్రతి ఇంట్లోనూ ఏడ్చారు. అన్నీ కారం ఖాతాలోకే పోయాయి.

నాలుగో ఇంట్లో ఇంగ్లీషాయన భార్య బహ్రెయినీ. ఆవిడ మాత్రం ఏడవలేదు, మా నిమ్మకాయ పచ్చడి ఇంతకన్నా కారం అంది. వాళ్లమ్మ అరాద్‌లో ఉంటుంది, బళ్లో టీచరుగా రిటైరైంది. ఇంట్లో మనిషి కావాలని వెతుకుతున్నారట. అప్పటికప్పుడు ఫోన్ చేసింది. "యల్లా, ఇంకేం, రేపే తీసుకురా," అంది వాళ్లమ్మ. ఇవాళ వెళ్లి చూసొచ్చాను. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఏం వండగలవు అని అడిగింది. జనవరి నుంచి అక్కడే. మా వాడి చదువు ఆగదు.

తిరిగొచ్చాక మేడం గుమ్మంలోనే కూలబడింది. చెప్పులు విప్పేసింది. ఇంత పరువు పోగొట్టుకున్నావిడ ఎలా ఉంటుందో అనుకుంటున్నావేమో. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆవిడ గట్టిగా నవ్వడం విన్నాను. సారు వచ్చి పక్కన కూర్చున్నారు. టీ అడిగారు, ఇద్దరికీ పెట్టిచ్చాను.

ఏ చుట్టరికమూ లేని నాలాంటిదాని కోసం ఒక ఇంగ్లీషావిడ నాలుగు తలుపులు తట్టి నిజం చెప్పింది. నువ్వు నాకు జడ వేసిన మనిషివి. నేను కాన్పుకి వస్తే నా పక్కన పడుకున్నావు. నాకు చెప్పడానికి ఏమిటి అడ్డం?

నాగదుర్గ


మలికిపురం దగ్గర నుంచి
19 డిసెంబరు

దుర్గా,

చెరువు పోయింది. మంగరాజు చెప్పింది నిజమే. రొయ్యలన్నీ తెల్లారేసరికి తేలిపోయాయి. ఇద్దరం గట్టు మీద నిలబడి చూశాం.  ఇంటికొచ్చి కాఫీ పెట్టాను.

ఆయన కాపలాకి వెళ్తున్నది కూడా నిజమే. నేను జనవరి నుంచి రొయ్యల షెడ్డులో తలలు వలిచే పనికి వెళ్దామనుకుంటున్నాను, అది నడిస్తే. నరసాయమ్మ గారికి తెలుసనుకుంటాను. మొన్న వంకాయలు ఇచ్చింది, ఊరికే. నేను తీసుకున్నాను.

నీకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు వాడి చదువు మాన్పించి మాకు డబ్బు పంపుతావని. పంపకు. పంపితే తిప్పి పంపుతాను. నాకు కావాల్సింది అది కాదు. నాకు భయంగా ఉంది దుర్గా. రాత్రి ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే ఇంకా భయం. ఆ మాట చెప్పుకోడానికి మనిషి కావాలి. చాలా రోజులుగా కావాలి.

ఆవకాయ ఇంకా అర జాడీ ఉంది, దాని గురించి ఏడవకు. నీకు ఇల్లు దొరికినందుకు గుళ్లో కొబ్బరికాయ కొట్టాను. ఆ అరాద్ పెద్దావిడకి మన పప్పుచారు పెట్టు, కారం తగ్గించి. మీ మేడంకి చెప్పు, వాళ్ల ఊళ్లో ఆ ఒక్క గదిలో ఆవిడకి ఊపిరాడకపోతే మన ఊరు రమ్మని. గదులు చిన్నవేగానీ వీధి పెద్దది.

ఇప్పుడు నన్ను వదినా అని రాస్తావా?

మీ అన్నయ్య కాపలా నుంచి వచ్చాడు, కాళ్లు కడుక్కుంటున్నాడు. ఈ కాగితం నీకు పంపే ముందు ఆయనకి చదివి వినిపిస్తాను. నాకు భయంగా ఉందని ఆయనకి కూడా తెలియదు.

నీ వదిన నాగేశ్వరి